బొమ్మల కథల పుస్తకం సొంతంగా వేసుకోవాలంటే: ఆఫ్‌సెట్టా, డిజిటలా, జిరాక్సా?

మా మంచం కింద ఇప్పటికీ రెండు అట్టపెట్టెలు ఉన్నాయి. పండగకు ఇల్లు దులిపినప్పుడల్లా మా ఆవిడ వాటిని బయటికి లాగుతుంది, నేను మళ్లీ లోపలికి తోస్తాను. నేను వేయించిన మొదటి పిల్లల పుస్తకం తాలూకు మిగులు అది. 500 కాపీలు వేయిస్తే కాపీ ఖర్చు బాగా తగ్గుతుందని ప్రెస్ ఆయన చెప్పాడు. నిజమే చెప్పాడు. 500 మంది పిల్లలు ఎక్కడున్నారో మాత్రం నేను చూసుకోలేదు.

నల్లగొండ దగ్గరి ఊళ్లో ప్రాథమిక బడి టీచర్ని. ఆ తర్వాత ఇంకో రెండు పుస్తకాలు వేశాను, ఒక్కోటి ఒక్కో పద్ధతిలో. దాంతో సూర్యాపేట నుంచి, పాలమూరు నుంచి తోటి టీచర్లు ఫోన్ చేస్తుంటారు. అందరిదీ ఒకటే ప్రశ్న: "సార్, ఎక్కడ వేయిస్తే చవక?" ప్రశ్నే తిరగబడి ఉంది. ఎన్ని చేతులకు ఇస్తారో తేలితే ఎక్కడ వేయించాలో దానంతటదే తేలుతుంది.

ముందు ఈ సంగతులు తేల్చుకోండి

ఒక నోట్‌బుక్ తీసుకుని పుస్తకం ఎవరెవరికి అందుతుందో రాయండి. "పిల్లలందరికీ" అని రాయకూడదు. మన బడిలో ఇంతమంది, పక్క ఊరి బడిలో ఇంతమంది, అంగన్‌వాడీకి ఇన్ని, చుట్టాలకు ఇన్ని, గ్రంథాలయానికి రెండు. ఇలా రాస్తూ పోతే మొదటిసారి పుస్తకం వేసేవాళ్లకు సాధారణంగా వంద దగ్గరే పెన్ను ఆగుతుంది. నాకు 140 దగ్గర ఆగింది, అదీ పుస్తకం అచ్చయ్యాక రాసుకున్న లిస్టు.

రెండోది, డబ్బు ఎప్పుడు పెట్టాలి? మొత్తం ముందే పోయాలా, అమ్ముడైన కొద్దీ పోతుందా? జీతం మీద బతికేవాళ్లకు ఇది చిన్న తేడా కాదు. మూడోది, ఆ కథకు రంగు నిజంగా కావాలా? నాలుగోది, పుస్తకం ఎలా తెరుచుకోవాలి? పెద్దలు రాసే కవితా సంపుటికి ఈ ప్రశ్న రాదు. బొమ్మల పుస్తకానికి ఇదే ప్రాణం. ఎందుకో కింద చెప్తాను. ఐదోది, తెలుగు అక్షరం చెడకుండా అచ్చవుతుందా?

| పద్ధతి | ఎన్ని కాపీలకు | ముందు పెట్టే డబ్బు | రంగు | ఎక్కడ దెబ్బ తింటాం |
|---|---|---|---|---|
| ఆఫ్‌సెట్ | 300 దాటితే | మొత్తం | చాలా బాగుంటుంది | మిగిలిపోతే ఇంట్లో పెట్టెలు |
| డిజిటల్ ప్రింట్ | 30 నుంచి 200 | వేసినన్నింటికి | బాగుంటుంది | కాపీ ఖర్చు తగ్గదు |
| ప్రింట్ ఆన్ డిమాండ్ | ఒక్కటైనా | చాలా తక్కువ | పర్వాలేదు | కొనేవాళ్లకు ధర ఎక్కువ |
| ఆన్‌లైన్‌లో ఉచితం | లెక్క లేదు | లేదు | తెర మీద | చేతిలో పుస్తకం ఉండదు, ఇచ్చిన హక్కు వెనక్కి రాదు |
| జిరాక్స్ | 10 నుంచి 60 | చిల్లర | నలుపు తెలుపే | మన్నిక తక్కువ |

300, 200 అన్న హద్దులు గీత గీసినట్టు ఉండవు. ఎందుకో లెక్క చూస్తే తెలుస్తుంది.

ఆఫ్‌సెట్: చవక ఎవరికి?

మల్టీకలర్ ఆఫ్‌సెట్‌లో ప్రతి ఫారానికి (ఒక షీటు మీద ఒకేసారి అచ్చయ్యే పేజీలకు) నాలుగు రంగుల ప్లేట్లు చేయాలి, మెషిన్ సెట్ చేయాలి. ఒక్క కాపీ వేసినా, వెయ్యి వేసినా ఆ ఖర్చు తప్పదు. తర్వాత కాపీకి పడేది కాగితం, బైండింగ్, లామినేషన్ ఖర్చులే. డిజిటల్‌లో ప్లేట్లు ఉండవు కాబట్టి మొదటి కాపీకి, నూరో కాపీకి దాదాపు ఒకటే ఖర్చు.

లెక్క అర్థం కావడానికి కొన్ని అంకెలు అనుకుందాం (రేట్లు మారుతుంటాయి, మీ కొటేషన్ మీరు తెచ్చుకోండి). ఆఫ్‌సెట్‌కు స్థిరమైన ఖర్చు 20,000, పైన కాపీకి 25 రూపాయలు. డిజిటల్‌కు కాపీకి 110. వంద కాపీలకు ఆఫ్‌సెట్ 22,500, డిజిటల్ 11,000. మూడు వందలకు ఆఫ్‌సెట్ 27,500, డిజిటల్ 33,000. సుమారు 235 కాపీల దగ్గర రెండూ సమానం. ఐదు వందలు వేస్తే ఆఫ్‌సెట్ కాపీ 65 రూపాయలకు దిగుతుంది. ఇక్కడే మనం మోసపోతాం, ఎవరూ మోసం చేయకుండానే. 500 వేసి 200 మాత్రమే ఇల్లు దాటితే, 32,500ను 200తో భాగించాలి. కాపీ 162 రూపాయల 50 పైసలు. అదే 200 డిజిటల్‌లో వేసుకుంటే 110తో పోయేది. ఇంట్లో ఉన్న కాపీని భాగహారంలో కలపొద్దు.

300 మంది పిల్లలు లిస్టులో పేర్లతో సహా ఉంటే మాత్రం ఆఫ్‌సెట్‌ను మించింది లేదు. మండలంలోని బడులన్నీ కలిసి వేసుకున్నా, దాత ఒకరు ముందుకొచ్చినా ఇదే దారి. రంగు నిలుస్తుంది, కాగితం మీ ఇష్టం. లోపల 130 జీఎస్ఎం (చదరపు మీటరుకు ఇన్ని గ్రాములని కాగితం లెక్క) ఆర్ట్ పేపర్, అట్ట 250 జీఎస్ఎం ఆర్ట్ కార్డు చిన్నపిల్లల చేతికి ఆగుతాయి. నా మాట వింటే గ్లాసీ వద్దు, మ్యాట్ తీసుకోండి. మా బడిలో ట్యూబ్‌లైట్ కింద గ్లాసీ పేజీ మెరిసి వెనక వరసలో కూర్చున్న పిల్లలకు బొమ్మే కనపడలేదు.

సైజు కూడా కాగితాన్ని బట్టే. 20×30 అంగుళాల షీటులో 7.5×10 సైజు ఆకులు ఎనిమిది వస్తాయి, అంటే రెండు వైపులా కలిపి 16 పేజీలు. కటింగ్ పోను పుస్తకం 7.25×9.5 అవుతుంది. నలుచదరంగా ఉంటే ముద్దుగా ఉంటుందని కొందరు 9×9 అడుగుతారు. ఆ షీటులో అంత సైజువి ఆరు ఆకులే వస్తాయి, మిగతాది చెత్తలోకి పోతుంది. దాని డబ్బు మాత్రం మన బిల్లులోనే ఉంటుంది.

నల్లగొండలో అడిగితే పెళ్లి పత్రికలు, కరపత్రాలు చకచకా వేసిస్తారు. రంగుల పుస్తకం అనేసరికి నేను అడిగిన రెండు చోట్లా "హైదరాబాద్ పంపి వేయిస్తాం" అన్నారు. అలాంటప్పుడు మనమే హైదరాబాద్ వెళ్లి మెషిన్ దగ్గర నిలబడి ప్రూఫ్ చూసుకోవడం మేలు. పెట్టెలు ఆర్టీసీ కార్గోలో వచ్చేస్తాయి. 1922లోనే షబ్నవీసు వెంకటరామ నరసింహారావు గారు ఇదే నల్లగొండ నుంచి నీలగిరి పత్రిక నడిపారు. వందేళ్ల తర్వాత రంగు పేజీ కోసం నేను హైదరాబాద్ బస్సెక్కుతుంటే కొంచెం సిగ్గుగానే ఉంటుంది.

డిజిటల్ ప్రింట్, దుడ్డె మాయమైన సంగతి

రెండో పుస్తకానికి బుద్ధొచ్చి డిజిటల్‌లో 80 కాపీలే వేయించాను. ఉదయసముద్రం చెరువు కట్ట మీద తప్పిపోయిన బర్రె దుడ్డె కథ. మధ్య పేజీలో రెండు వైపులా పరుచుకున్న చెరువు, సరిగ్గా నడుమ చిన్న దుడ్డె. పుస్తకం వీపు మీద పేరు కనపడాలన్న ఆశతో 32 పేజీల పుస్తకానికి గమ్ బైండింగ్ (పేజీలను వీపు దగ్గర జిగురుతో అంటించడం) చేయించాను.

మూడో తరగతి పిల్లతో చదివిస్తున్నాను. ఆ పేజీ వచ్చింది. పిల్ల చూపుడువేలు చెరువు మీద అటూ ఇటూ తిరిగింది. పుస్తకాన్ని రెండు చేతులతో విరిచినట్టు తెరిచింది, లోపలికి తొంగి చూసింది. "సార్, దుడ్డె యాడికి వొయ్యింది?" దుడ్డె బైండింగ్ సందులోకి పోయింది. తోక ఒకటి ఈ పక్క, ముట్టె ఒకటి ఆ పక్క కనపడుతున్నాయి. ఇంకో నాలుగు రోజులకు అలా విరిచి విరిచి ఆ పేజీ ఊడి చేతికే వచ్చింది.

తక్కువ పేజీల బొమ్మల పుస్తకానికి సెంటర్ పిన్నే, అంటే మధ్య మడత మీద పిన్ను కొట్టడమే సరైనది. పుస్తకం పూర్తిగా పరుచుకుంటుంది, మధ్యలో బొమ్మ తెగదు. అందుకు పేజీలు నాలుగు చొప్పున ఉండాలి: 16, 20, 24, 32. పిన్ మొనలు లోపలికి బాగా ముడుచుకున్నాయో లేదో వేలితో తడిమి చూడండి, చిన్నపిల్లల విషయం కదా. వీపు మీద పేరు రాదు. బడి మూలన దండెం మీద వేలాడేసే పుస్తకానికి వీపుతో పనేముంది?

డిజిటల్‌లో నాకు నచ్చేది ఒక్క కాపీ ముందు వేయించుకోవచ్చు. ఆ ఒక్క కాపీని పిల్లలకిచ్చి రెండు రోజులు వదిలేయండి. ఎక్కడ నవ్వాలో అక్కడ నవ్వట్లేదంటే అప్పుడే దిద్దుకోవచ్చు. నేను ఆ పని చేయకుండా 80 ఒకేసారి వేయించాను.

ప్రింట్ ఆన్ డిమాండ్

బెంగళూరు పోతీ డాట్ కామ్, చెన్నై నోషన్ ప్రెస్ లాంటివి ఈ పద్ధతిలో నడుస్తాయి. ఫైల్ మీరు ఎక్కిస్తే, ఎవరైనా ఆర్డర్ పెట్టినప్పుడు ఒక కాపీ అచ్చేసి పంపుతారు. ఇంట్లో పెట్టెలు ఉండవు. కానీ పేజీపేజీకీ రంగు ఉన్న పుస్తకం ఒక్కొక్కటిగా వేస్తే ధర పెరుగుతుంది, పైన పంపే ఖర్చు. దేవరకొండ దగ్గరి తండాలో ఉండే తల్లి ఆన్‌లైన్‌లో అంత పెట్టి 24 పేజీల పుస్తకం తెప్పించుకుంటుందని నేను అనుకోను. మీ పాఠకులు హైదరాబాద్, బెంగళూరు అపార్ట్‌మెంట్లలో ఉంటే, పిల్లలకు తెలుగు మరిచిపోకూడదని తపించే తల్లిదండ్రులైతే ఇది బాగా పనికొస్తుంది. సెంటర్ పిన్ చేస్తారా, మీకు కావాల్సిన సైజు ఉందా అన్నది ఫైల్ తయారు చేయకముందే చూసుకోండి.

ఆన్‌లైన్‌లో ఉచితంగా

పిల్లల పుస్తకాలు వేసే ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్ మొదలుపెట్టారు. బొమ్మలు గీయడం రాని టీచర్లకు ఇది వరం. అక్కడ ఇప్పటికే ఉన్న బొమ్మలను తీసుకుని మీ కథ రాసుకోవచ్చు, వేరే భాష కథను తెలుగులోకి తేవచ్చు, దింపుకుని అచ్చేసుకోవచ్చు.

ఒక్కటి మాత్రం అర్థం చేసుకుని దిగండి. అక్కడ కథలు సీసీ బై 4.0 (క్రియేటివ్ కామన్స్) లైసెన్సుతో ఉంటాయి. మీ పేరు చెప్తూ ఎవరైనా దాన్ని మార్చుకోవచ్చు, అచ్చేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోవడం కుదరదు. రేపు ఏ ప్రచురణ సంస్థో మీ కథ తమకొక్కరికే కావాలని అడిగితే అలా ఇవ్వడం మీ చేతిలో ఉండదు. అందుకే నేను బడి కోసం రాసిన చిన్న చిన్న చదువు కథలు అక్కడ పెడతాను. మా అమ్మమ్మ చెప్పిన కథలు మాత్రం దాచుకున్నాను.

పీడీఎఫ్ చేసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడం కూడా ఉంది. నేనూ పెట్టాను. ముప్పై దండాలు, పది పూల గుత్తులు వచ్చాయి. ఎవరైనా పిల్లలకు చదివి వినిపించారా అంటే చెప్పలేను.

జిరాక్స్ పుస్తకం

నవ్వకండి. నా మూడో పుస్తకం ఇదే, నాకు ఎక్కువ తృప్తినిచ్చిందీ ఇదే. ఏ4 కాగితాలు నాలుగు రెండు వైపులా జిరాక్స్ తీసి మధ్యకు మడిస్తే 16 పేజీల పుస్తకం. అట్టకు రంగు చార్టు. పొడుగు స్టేప్లర్ ఉంటే పని అయిపోయినట్టే. గీతల బొమ్మలే, రంగు పిల్లలే వేసుకుంటారు. బత్తాయి తోట కథకు మా రెండో తరగతిలో 26 మంది 26 రకాల తోటలు వేశారు, ఒకడైతే బత్తాయిలన్నీ నీలం రంగు వేశాడు. మొదటి పుస్తకం వేసేవాళ్లంతా ఇక్కడి నుంచి మొదలుపెడితే మంచాల కింద పెట్టెలు సగం తగ్గుతాయి.

ఏ పద్ధతైనా అక్షరం దగ్గర జాగ్రత్త

మొదటి పుస్తకంలో ఇంకో ఘనకార్యం జరిగింది. నేను ఫోన్‌లో యూనికోడ్‌లో టైప్ చేసి పంపాను. డీటీపీ చేసినవాళ్లు దాన్ని అను ఫాంట్‌లోకి (యూనికోడ్ కాని పాత పద్ధతి అక్షరాల్లోకి) మార్చారు. మార్చడంలో కొన్ని వత్తులు ఎగిరిపోయాయి. "బర్రె" ఉండాల్సిన చోట "బరె". ప్రూఫ్ చదివింది నేనే, కథ నోటికొచ్చు కాబట్టి కన్ను ఆగలేదు. 500 కాపీల్లో మూడు చోట్ల బరె. ఇప్పటికీ బడిలో పిల్లలు బర్రెను చూసి "సార్, బరె" అని నవ్వుతారు. ప్రూఫ్ కథ తెలియని మనిషితో చదివించండి, అదీ అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివే పిల్లలైతే ఇంకా మంచిది.

పేజీలు పేర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో యూనికోడ్ తెలుగు పెట్టేటప్పుడు వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగ్ ఎంచుకోకపోతే వత్తులు విడిపోతాయి. చివరి ఫైల్‌లో అక్షరాలను కర్వ్స్‌లోకి (ఫాంట్ అవసరం లేని గీతల రూపంలోకి) మార్చి ఇవ్వమని ప్రెస్‌వాళ్లు అడుగుతారు, ఇవ్వండి. మార్చని ఫైల్ కూడా మీ దగ్గర ఉంచుకోండి, తర్వాత ఒక్క అక్షరం దిద్దాలన్నా అదే దిక్కు. అక్షరాలు నలుపు ఒక్క రంగులోనే ఉండాలి. నాలుగు రంగులు కలిపి నలుపు చేస్తే ప్లేటు వెంట్రుకవాసి జరిగినా అక్షరం వెనక నీడ పడుతుంది. ఫోన్‌లో మెరిసే రామచిలుక పచ్చ అచ్చులో మెరవదు, అది ప్రెస్ తప్పు కాదు. సీఎంవైకేలోకి (అచ్చులో వాడే నాలుగు రంగుల పద్ధతిలోకి) మార్చి చూసుకుంటే ముందే తెలుస్తుంది. చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (కటింగ్‌లో పోయే అదనపు అంచు), బొమ్మ 300 డీపీఐ (అంగుళానికి ఇన్ని చుక్కలని లెక్క) ఉండాలి.

ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా చాలా ఉన్నాయి. మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి గారి పేరు మీద ఒకటుందని తెలిసి ప్రేమగా దాన్నే పెట్టాను. అది పత్రికల కోసం చేసిన అక్షరం, రెండో తరగతి కంటికి ఇరుకైంది. పిల్లలకు గుండ్రంగా, వత్తు విడిగా కనపడే అక్షరం కావాలి. వరసల మధ్య జాగా ధారాళంగా వదలండి, లేకపోతే పై వరస వత్తు కింది వరస గుడికి తగులుతుంది.

బొమ్మలు వేసినవాళ్లతో కాగితం

డబ్బు ఇచ్చేశాం కదా, బొమ్మలు మనవే అనుకుంటాం. కాపీరైట్ చట్టం ప్రకారం హక్కు బదిలీ రాతలో ఉండాలి. ఎన్నేళ్లకో రాయకపోతే ఐదేళ్లే అని, ఎక్కడికో రాయకపోతే భారతదేశం వరకే అని లెక్క. కాబట్టి ఎంత డబ్బు, ఎన్నేళ్లు, ఆన్‌లైన్‌లో పెట్టొచ్చా, మళ్లీ అచ్చేస్తే ఇంకేమైనా ఇవ్వాలా అన్నవి ఒక పేజీలో రాసుకుని ఇద్దరూ సంతకాలు పెట్టుకోండి. చిత్రకారుల పేరు అట్ట మీద మీ పేరుతో సమానంగా వేయండి. బొమ్మల పుస్తకంలో సగం కథ వాళ్లదే.

ఏఐ బొమ్మలతో పని కానిద్దామా అని కూడా అడుగుతున్నారు. నేను ప్రయత్నించాను. మొదటి పేజీలో ఉన్న పిల్ల మూడో పేజీలో వేరే పిల్ల అయింది, బర్రెకు ఆవు మూపురం వచ్చింది. మా బడి పిల్లలు బర్రె విషయంలో క్షమించరు.

ఐఎస్‌బీఎన్, పోస్టు

పుస్తకానికి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు నంబరు ఐఎస్‌బీఎన్. దానికి ఎవరికీ డబ్బు కట్టక్కర్లేదు. రాజా రామ్‌మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది, రచయితలు సొంతంగా ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. బడిలో పంచుకునే పుస్తకానికి అది లేకపోయినా ఏం కాదు. దుకాణాలకు, గ్రంథాలయాలకు ఇవ్వాలంటే తీసుకోండి. సమయం పడుతుంది కాబట్టి బొమ్మలు మొదలైనప్పుడే దరఖాస్తు చేయండి. పుస్తకం అమ్మితే జీఎస్టీ ఉండదు, ప్రెస్ బిల్లులో మాత్రం ఉండొచ్చు. కొటేషన్ అడిగేటప్పుడే "అన్నీ కలిపి ఎంత?" అనండి.

నేను చెప్పిన సైజు, కాగితంతో 24 పేజీల పుస్తకం లెక్క కడితే 90 గ్రాముల పైచిలుకు. మూడు పుస్తకాలు పలుచని కవర్లో 300 గ్రాముల లోపే సర్దుకుంటాయి. పుస్తకాలు తక్కువ ఖర్చుతో పంపడానికి పోస్టాఫీసులో 2025 మే నుంచి జ్ఞాన్ పోస్ట్ వచ్చింది. మొదలైనప్పటి రేటు 300 గ్రాములకు 20 రూపాయలు, 5 కిలోలకు 100, పన్ను వేరు. వ్యాపార ప్రచురణలకు, ప్రకటనలున్న వాటికి అది వర్తించదు. పుస్తకం మీద ప్రింటర్ పేరో ప్రచురించినవాళ్ల పేరో ఉండాలి. మీది అందులోకి వస్తుందో లేదో కౌంటర్ దగ్గర ఒక కాపీ చూపించి అడగండి.

ఇక మీ సంగతి

టీచరైతే, మొదటి పుస్తకమైతే జిరాక్స్‌తో మొదలుపెట్టండి. అది పిల్లల చేతుల్లో నలిగిపోయిందంటే రెండోసారి డిజిటల్‌లో 60 వేయించండి. రిటైరై, మనవలకు చెప్పిన కథలు పుస్తకంగా చూసుకోవాలనుకునే పెద్దవాళ్లకు డిజిటల్‌లో 50 చాలు. డబ్బుంది కదా అని ఆఫ్‌సెట్‌కు పోవద్దు, పంచడానికి ఓపిక కూడా కావాలి. మీరే చిత్రకారులైతే, రంగే మీ బలమైతే, ముందు ఒక డిజిటల్ కాపీ చేయించి పిల్లల పుస్తకాలు వేసే "మంచి పుస్తకం", "తులిక" లాంటి సంస్థలకు చూపించండి. సొంతంగానే వేస్తానంటే డిసెంబర్‌లో హైదరాబాద్ బుక్ ఫెయిర్‌కు అందేలా ఆఫ్‌సెట్ పెట్టుకోవచ్చు, స్టాల్‌లో మీ పుస్తకానికి చోటిచ్చేవాళ్లు ముందే దొరికితేనే. పుస్తకం ఊరూరా పోవాలి, డబ్బు రాకపోయినా ఫర్వాలేదనుకుంటే స్టోరీవీవర్.

ప్రెస్ నుంచి వచ్చేటప్పుడు పుస్తకాలతో పాటు చివరి ఫైళ్లు కూడా పెన్‌డ్రైవ్‌లో వేయించుకోండి. దుడ్డె పుస్తకానివి నేను తెచ్చుకోలేదు. మళ్లీ వేయిద్దామని పోతే కంప్యూటర్ మార్చాం, పాతవి లేవన్నారు. ఇప్పుడు అచ్చయిన పుస్తకంలోంచే పేజీలు ఊడదీసి స్కాన్ చేయిస్తున్నాను. ఈసారి దుడ్డెను చెరువు నడుమ నుంచి కుడివైపు గట్టు మీదికి జరిపించాను.